కువైట్‌లో పుట్టిన పాపను బడిలో చేర్చుకోనంటున్నారు, ఏం చేయాలి?

కోనసీమ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేర్లు, ఊరు తీసేసి సారాంశం చెబుతున్నాను.

ఆమె చెల్లెలు 2011లో ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్లింది. మూడేళ్లు ఒకే ఇంట్లో చేసింది. చివరి ఏడాది జీతం ఇవ్వలేదు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరే ఉంది. ఒక రోజు ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేసి, అక్కడి మనవాళ్లు అనే మాటలో ‘ఖల్లివల్లి’ అయింది, అంటే యజమానిని వదిలేసి కాగితాలు లేకుండా ఉండిపోయింది. దొంగచాటుగా గంటల లెక్కన పని చేసుకుంటూ ఉండగా శ్రీలంకకు చెందిన ఒక డ్రైవర్‌తో పరిచయమై, ఇద్దరూ కలిసి ఉన్నారు. 2015లో పాప పుట్టింది. పెళ్లి కాగితం లేదు, అకామా (అక్కడ ఉండటానికి అనుమతి కార్డు) లేదు. ఆస్పత్రికి వెళ్తే పోలీసులకు పట్టిస్తారని భయపడి గదిలోనే తోటి ఆడవాళ్లు పురుడు పోశారు. పాపకు ఏడాది నిండకముందే అతను తన దేశం వెళ్లిపోయాడు, మళ్లీ జాడ లేదు. 2018లో కువైట్ ప్రభుత్వం ఆమ్నెస్టీ (కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష) ప్రకటించినప్పుడు తల్లీబిడ్డలిద్దరూ మన ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్‌ల మీద, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితాల మీద వచ్చారు. ఆ కాగితాలు ఎయిర్‌పోర్టులోనే తీసేసుకున్నారు. పాప పుట్టినట్టు ఎక్కడా రాయించలేదు.

చెల్లెలు తర్వాత కొత్త పాస్‌పోర్టు తీసుకుని మస్కట్ వెళ్లింది. పాప పెద్దమ్మ దగ్గరే పెరుగుతోంది. పెదనాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఆ బడివాళ్లు మంచితనంతో కూర్చోబెట్టుకున్నారు గానీ ఆన్‌లైన్‌లో పేరు ఎక్కించలేదు. ఈ జూన్‌లో ఆరో తరగతికి జెడ్పీ హైస్కూలుకు తీసుకెళ్తే హెడ్‌మాస్టరు చేర్చుకోలేదు. “బర్త్ సర్టిఫికెట్ లేదు, ఆధార్ లేదు, పైగా విదేశంలో పుట్టింది. రేపు ఎవరైనా అడిగితే నేనే ఇరుక్కుంటాను” అన్నాడట. టీచరుగా పనిచేసే బంధువు ఒకాయన “దానికి మన పౌరసత్వం లేదు కదా, చదువు హక్కు ఎలా వస్తుంది” అన్నాడు. సర్టిఫికెట్లు చేయించిపెట్టే మనిషి ఒకడు ముప్పై వేలు ఇస్తే పాప ఇక్కడే పుట్టినట్టు, పెద్దమ్మ పెదనాన్నలే తల్లిదండ్రులైనట్టు కాగితం తెస్తానన్నాడు. మస్కట్ నుంచి చెల్లెలు కూడా “నీ కూతురిగానే రాయించెయ్ అక్కా, నా పేరు వద్దు” అంటోంది. జూన్ నుంచి పాప ఇంట్లోనే ఉంది. బడి వదిలే వేళకు వీధిలోకి రావడం మానేసింది.

ఆ సోదరి అడిగిన ప్రశ్నలు: పౌరసత్వం లేకపోతే నిజంగా చదువు హక్కు ఉండదా? గట్టిగా అడిగితే పాపను ఎవరైనా తీసుకెళ్లిపోతారా? ఆ ముప్పై వేలు ఇచ్చేయమంటారా?

అమ్మా,

మీరు వేసిన మూడు ప్రశ్నల్లో మొదటిదానికి వెంటనే జవాబు చెప్పేస్తాను. పాపకు చదువు హక్కు ఉంది. ఇవాళ, ఈ క్షణాన, చేతిలో ఏ కాగితమూ లేకుండానే ఉంది.

మీ చుట్టూ ఉన్నవాళ్లు పాప బడిని, పాప పౌరసత్వాన్ని ఒకే ముడిగా వేసేశారు. హెడ్‌మాస్టరుగారు, మీ బంధువు, ఆ సర్టిఫికెట్ల మనిషి, ముగ్గురూ రెండోది తేలితే గానీ మొదటిది జరగదని మీకు నమ్మకం కలిగించారు. ఆ ముడి విప్పితే సగం టెన్షన్ తగ్గుతుంది. బడి పని వారాల్లో అవుతుంది. పౌరసత్వం పనికి ఏళ్లు పట్టవచ్చు. రెండూ నడవాల్సిందే, కానీ ఒకదాని కోసం ఇంకోటి ఆగకూడదు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

రాజ్యాంగంలో 21ఏ అనే అధికరణ ఉంది. 2002లో 86వ సవరణతో చేర్చారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య ఇవ్వడం ప్రభుత్వం పని అని అది చెబుతుంది. పౌరుల పిల్లలకనో, పౌరులైన పిల్లలకనో అనలేదు. మాట్లాడే స్వేచ్ఛ లాంటి కొన్ని హక్కులను రాజ్యాంగం పౌరులకే ఇచ్చింది, ఆ సంగతి అక్కడ స్పష్టంగా రాసింది కూడా. చదువు దగ్గర ఆ గీత గీయలేదు. దీని ఆధారంగా 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కూడా వయసు ఒక్కటే చూస్తుంది. మీ పాపకు పదకొండో ఏడు నడుస్తోంది. చట్టం దృష్టిలో ఆ ఒక్క అర్హత చాలు.

ఇక కాగితాల సంగతి. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ అడ్మిషన్ నిరాకరించకూడదని అదే చట్టం 14వ సెక్షన్ అంటుంది. బర్త్ సర్టిఫికెట్ లేనప్పుడు అంగన్‌వాడీ రికార్డు గానీ, ఏఎన్ఎం రిజిస్టరు గానీ, అదీ లేకపోతే తల్లి లేదా సంరక్షకులు రాసిచ్చే డిక్లరేషన్ గానీ తీసుకోవచ్చని కేంద్రం రూపొందించిన నమూనా నిబంధనల్లో ఉంది. పాప మూడేళ్ల వయసులో ఊరికి వచ్చింది కదా, అంగన్‌వాడీలో పేరు ఎక్కిందేమో వెళ్లి చూడండి. టీకాల కార్డు ఉంటే తీసి జాగ్రత్త చేయండి. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని 15వ సెక్షన్, ఆ వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతున్నాయి. కాబట్టి పోయిన నెలల వల్ల పాప ఒక ఏడాది నష్టపోవాల్సిన పని లేదు.

ఇప్పుడు 2023లో జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టాన్ని మార్చారు, బడిలో చేరాలంటే బర్త్ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారని ఎవరైనా అనవచ్చు. ఆ మార్పు 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకే. మీ పాప 2015లో పుట్టింది, ఆమెకు అది వర్తించదు.

ఆధార్ విషయమూ అంతే. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ కేసులో తీర్పు ఇస్తూ బడి అడ్మిషన్‌కు ఆధార్ తప్పనిసరి కాదని చెప్పింది. ఆధార్ చూపలేకపోయిన బిడ్డకు ఏ పథకం ప్రయోజనమూ ఆపకూడదని, వేరే కాగితాలతో గుర్తించి ఇవ్వాలని కూడా అంది. అయితే కోర్టు మాట ఒకటి, కంప్యూటర్ తెర ఇంకొకటి. తల్లికి వందనం డబ్బుల్లాంటివి ఆధార్‌తో, ఇంటి సర్వే వివరాలతో ముడిపడి ఉంటాయి కాబట్టి ఆధార్ వచ్చేదాకా అవి అందడం కష్టమే. దానికి మీరు సిద్ధపడి ఉండండి. బడిలో భోజనం, పుస్తకాలు, పాఠం మాత్రం ఆగకూడదు. ఆ మధ్యాహ్న భోజన పథకానికి పేరు పెట్టింది మీ లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారిదే. గోదావరి దాటి ఆకలితో వచ్చినవాళ్లను ఏ ఊరు, ఏ కులం అని అడగకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆమె పేరున్న భోజనం వడ్డించే బడి దగ్గర, ఆమె గడ్డ మీదే, ఒక పదేళ్ల పిల్లను ఎక్కడ పుట్టావని అడిగి వెనక్కి పంపించారంటే నాకు చాలా బాధగా ఉంది.

హెడ్‌మాస్టరుగారిని నేను చెడ్డవాడని అనడం లేదు. ఆయన భయానికీ ఒక కారణం ఉంది. విదేశీ విద్యార్థిని చేర్చుకున్న విద్యాసంస్థ ఆ సమాచారం అధికారులకు ఇవ్వాలని 2025లో వచ్చిన వలస, విదేశీయుల చట్టంలో ఉంది. పాప ‘విదేశంలో పుట్టింది’ అనగానే ఆయనకు ఇలాంటివేవో గుర్తొచ్చి ఉంటాయి. సమాచారం ఇవ్వమనడం వేరు, చేర్చుకోవద్దనడం వేరు. ఏ చట్టమూ చేర్చుకోవద్దని చెప్పలేదు. పైగా మీ పాప తల్లి భారతీయురాలు, పాప మన ఎంబసీ ఇచ్చిన కాగితం మీద దేశంలోకి వచ్చింది. దొంగతనంగా సరిహద్దు దాటి రాలేదు.

ఇంతకంటే కష్టమైన స్థితిలో ఉన్న పిల్లల సంగతి చెబుతాను. మయన్మార్‌లో 1982 చట్టంతో రోహింగ్యాలు పౌరసత్వం లేనివాళ్లయ్యారు. అక్కడి నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు మన హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు కూడా ఉన్నాయి. ఢిల్లీలో ఆ పిల్లలను బడుల్లో చేర్చుకోవడం లేదని కేసు వేస్తే, పిల్లలు ముందు ప్రభుత్వ బడులకు వెళ్లి అడగాలని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ల అమ్మానాన్నలిద్దరికీ ఈ దేశంతో ఏ కాగితం బంధమూ లేదు. మీ పాపకు అమ్మ ఉంది, అమ్మకు భారత పాస్‌పోర్టు ఉంది.

హైస్కూలుకు మళ్లీ వెళ్లేటప్పుడు నోటిమాటతో వెళ్లకండి. తెల్లకాగితం మీద అర్జీ రాయండి. పాప పేరు, వయసు, తల్లి పేరు, మీరు పెద్దమ్మ అని, తల్లి మస్కట్‌లో పనిచేస్తోందని, ఆరో తరగతిలో చేర్చుకోమని, వయసుకు డిక్లరేషన్ జత చేస్తున్నామని రాస్తే చాలు. పుట్టిన చోటు అడిగితే కువైట్ అనే చెప్పండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. మాటతో ‘కాదు’ అనడం తేలిక, కాగితం మీద ‘కాదు’ అని రాసివ్వడానికి ఏ హెడ్‌మాస్టరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. అప్పటికీ కుదరకపోతే ఆ కాపీతో మండల విద్యాధికారి దగ్గరికి, ఆపైన జిల్లా విద్యాధికారి దగ్గరికి వెళ్లండి. అక్కడా కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు రాయవచ్చు. ఇవన్నీ మీరొక్కరే తిరగనక్కర్లేదు. న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే జిల్లాలో ఎవరిని కలవాలో చెబుతారు.

ఈ దారిలో వెళ్తే ఊళ్లో నలుగురికీ తెలుస్తుంది, హెడ్‌మాస్టరుగారికి కోపం రావచ్చు. ఆయన దగ్గరే పాప ఐదేళ్లు చదవాలి. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడు ఫిర్యాదు గొంతుతో కాకుండా, స్కూల్ కమిటీలో మీకు తెలిసిన తల్లి ఎవరైనా ఉంటే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి. పాత బడి టీచరు ఒకరు వచ్చి ‘బాగా చదువుతుంది సార్’ అన్నా మంచిదే.

పాపను తీసుకెళ్లిపోతారా అని అడిగారు. తల్లి ఇష్టంతో పెద్దమ్మ ఇంట్లో క్షేమంగా పెరుగుతున్న బిడ్డ దిక్కులేని బిడ్డ కాదు. బడి అడిగినందుకు అలాంటి బిడ్డను ఇంట్లోంచి తీసుకెళ్లడానికి కారణం లేదు. కానీ ‘తల్లి ఇష్టంతో’ అన్న మాటకు ఇప్పుడు మీ దగ్గర రుజువు లేదు. మీ చెల్లెలు మస్కట్‌లోని భారత ఎంబసీకి వెళ్లి, పాప తన కూతురని, తన అక్క దగ్గర ఉంచానని, బడి, ఆస్పత్రి విషయాల్లో అక్క సంతకం చెల్లుతుందని ఒక పత్రం రాసి అటెస్ట్ చేయించి పంపాలి. ఈ కాగితం మీకు బడిలో ఉపయోగపడుతుంది. ఏ అధికారి ఇంటికి వచ్చి అడిగినా ఉపయోగపడుతుంది. రేపు పౌరసత్వం అర్జీలో కూడా మొదటి మెట్టు ఇదే.

ఇప్పుడు ఆ ముప్పై వేల సంగతి. మీకు ఎందుకు ఆశ పుడుతోందో నాకు అర్థమవుతోంది. ఒక్క కాగితంతో బడి, ఆధార్, పథకాల డబ్బు, ఊళ్లో పరువు, అన్నీ ఒకేసారి సర్దుకుపోతాయి. పాప పెళ్లినాడు ఎవరూ ఏమీ అడగరు. చెల్లెలే ఇష్టపడుతోంది కదా అనిపిస్తుంది. నిజానికి ఈ ఏడాదికి, వచ్చే ఏడాదికి కూడా ఆ కాగితం పని చేస్తుంది.

ఆ తర్వాత జరిగేది చూడండి. జనన రిజిస్టరులో తెలిసి అబద్ధం రాయించడం నేరం. దొరికితే మీరూ, మీవారూ నిలబడాలి, ఆ మనిషి కనబడడు. ఆ కాగితంతో పథకం డబ్బు తీసుకుంటే అది ఇంకో తప్పు అవుతుంది. పాప పద్దెనిమిదేళ్లకు పాస్‌పోర్టు తీసుకుంటే అది ఎప్పుడైనా రద్దయ్యే పాస్‌పోర్టు. మన ఊళ్లలో ఎవరికి ఎవరి మీద కోపం వస్తే ఎవరు ఆకాశరామన్న ఉత్తరం రాస్తారో మీకు తెలియనిది కాదు. వీటన్నిటికంటే నాకు పెద్దదిగా కనిపించే నష్టం వేరే ఉంది. పాపకు ఈ దేశంతో ఉన్న ఒకే ఒక్క చట్టబద్ధమైన బంధం ఆమె కన్నతల్లి. ఆ తల్లి పేరును ఆ కాగితం తుడిచేస్తుంది. రేపు అసలు పౌరసత్వం కోసం మీ చెల్లెలు ‘ఇది నా బిడ్డ’ అని అర్జీ పెడితే, ఎదురుగా ప్రభుత్వ రిజిస్టరులో వేరే తల్లి పేరు ఉంటుంది. అప్పుడు ఆ నిజాన్ని అబద్ధంగా చూస్తారు. నిర్ణయం మీ ఇంటిది. నన్ను అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఆ డబ్బు ఇవ్వకండి.

నిజమైన సర్టిఫికెట్‌కు దారి ఉంది. విదేశంలో పుట్టిన బిడ్డతో తల్లిదండ్రులు ఇక్కడ స్థిరపడటానికి తిరిగి వస్తే, అరవై రోజుల్లో ఇక్కడే పుట్టుక నమోదు చేయించుకోవచ్చని జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్‌లో ఉంది. ఆ గడువు దాటితే ఆలస్యపు నమోదు పద్ధతి వర్తిస్తుంది. ఏడాది దాటిన కేసుల్లో ఒకప్పుడు కోర్టు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వచ్చేది, 2023 సవరణ తర్వాత కలెక్టరు, ఆర్డీఓ స్థాయి అధికారులు విచారించి ఇవ్వవచ్చు. పుట్టిన చోటు కువైట్ అనే ఉంటుంది, తల్లి పేరు మీ చెల్లెలిదే ఉంటుంది. తల్లి మళ్లీ మస్కట్ వెళ్లింది కాబట్టి ‘స్థిరపడటానికి వచ్చారా’ అని అధికారి అడగవచ్చు. లాయరు సహాయం అక్కడ కావాలి. పురుడు పోసిన ఆడవాళ్లలో ఎవరైనా తిరిగి వచ్చి ఉంటే వాళ్ల అఫిడవిట్ విలువైనది.

తండ్రి పేరు దగ్గర ఏం రాయాలని మీ చెల్లెలు కుమిలిపోతూ ఉంటుంది. అందుకే తన పేరే వద్దంటోందని నా అనుమానం. 2015 జూలైలో సుప్రీంకోర్టు ఒక పెళ్లికాని తల్లి కేసులో తీర్పు ఇస్తూ, ఒంటరి తల్లి బిడ్డ పుట్టుక సర్టిఫికెట్ అడిగితే ఆమె ఇచ్చే అఫిడవిట్ చాలని, తండ్రి ఎవరో చెప్పమని బలవంతం చేయకూడదని చెప్పింది. ఈ సంగతి చెల్లెలికి ఫోన్‌లో నెమ్మదిగా చెప్పండి. జీతం ఎగ్గొట్టిన ఇంట్లోంచి బయటపడి, ఆస్పత్రి కూడా లేకుండా బిడ్డను కని, మూడేళ్లు దాచి పెంచి, ప్రాణాలతో ఇంటికి తెచ్చిన మనిషి ఆమె. తలదించుకోవాల్సిన పని ఆమె చేయలేదు.

మీ బంధువు పౌరసత్వం గురించి అన్నదాంట్లో కొంత నిజం ఉంది. అది దాచి మీకు ధైర్యం చెప్పడం సరికాదు. తల్లి భారతీయురాలైతే బిడ్డ భారతీయురాలే కదా అని మనం అనుకుంటాం. 1992 చివర్లో వచ్చిన సవరణ నుంచి 2004 దాకా విదేశంలో పుట్టిన పిల్లలకు దాదాపు అలాగే ఉండేది. 2004 డిసెంబరు 3 నుంచి పద్ధతి మారింది. అప్పటి నుంచి విదేశంలో పుట్టిన బిడ్డ పేరును ఏడాదిలోపు మన ఎంబసీలో నమోదు చేయిస్తేనే వంశం ద్వారా పౌరసత్వం వస్తుంది. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. పోలీసులకు భయపడి ఆస్పత్రికే వెళ్లలేని తల్లి, ఎంబసీకి ఎలా వెళ్తుంది? ఆ ఒక్క ఏడాది గడిచిపోవడంతో పాప చేతిలోంచి పౌరసత్వం జారిపోయింది. కువైట్ తన గడ్డ మీద పుట్టినంత మాత్రాన విదేశీయుల బిడ్డకు పౌరసత్వం ఇవ్వదు. శ్రీలంక కూడా బయట పుట్టిన పిల్లల పేరు నమోదు చేయించమనే అంటుంది. కాగితాల ప్రకారం ఇవాళ పాపకు ఏ దేశమూ లేదు.

దీనికి రెండు దారులున్నాయి. ఆలస్యానికి కారణం చెప్పుకుని, ఎంబసీ ద్వారా కేంద్రం అనుమతితో ఇప్పుడు నమోదు చేయించడం ఒకటి. పౌరసత్వ చట్టం 5వ సెక్షన్ కింద మైనరును పౌరురాలిగా రిజిస్టరు చేయమని అర్జీ పెట్టడం రెండోది. ప్రత్యేక పరిస్థితుల్లో ఏ మైనరునైనా అలా చేర్చుకునే అధికారం కేంద్రానికి ఉంది. రెండింట్లోనూ అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్ల విచక్షణ. వస్తుందని నేను మాట ఇవ్వలేను. కోర్టులు కూడా ఈ చట్టాన్ని జాలితో సాగదీయవు. సింగపూర్ పౌరులైన తల్లిదండ్రులకు పుట్టిన ఒక తమిళ యువకుడికి మద్రాసు హైకోర్టు అనుకూలంగా తీర్పు ఇస్తే, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. కాబట్టి ఏ సెక్షన్ కింద ఏ కాగితం పెట్టాలో తెలిసిన లాయరు ఉండి తీరాలి.

ఆ కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది మీరు పోయిందనుకుంటున్న ఔట్‌పాస్. పాప పేరు మీద ఎంబసీ దాన్ని ఇచ్చిందంటే, ఈ బిడ్డ ఎవరి బిడ్డో తెలుసుకునే ఇచ్చి ఉంటుంది. అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినవాళ్లకు 5వ సెక్షన్ వర్తించదు. మీ పాప అలా రాలేదని చూపించే కాగితం అదే. మీ చెల్లెలి పేరుతో విదేశాంగ శాఖకు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి, 2018లో ఇచ్చిన రెండు ఔట్‌పాస్‌ల వివరాలు అడగండి. పాత పాస్‌పోర్టు నంబరు, ప్రయాణం తేదీ, దిగిన ఎయిర్‌పోర్టు గుర్తుంటే పని తేలిక. విమానం టికెట్టు ముక్క ఏ బీరువాలో ఉన్నా వెతికి తీయండి. ప్రవాసాంధ్రుల కోసం ప్రభుత్వం పెట్టిన, తాడేపల్లిలోని ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని కూడా సంప్రదించండి, గల్ఫ్ వెళ్లినవాళ్ల విషయాలు వాళ్లు చూస్తుంటారు. తల్లీబిడ్డల బంధం మీద ఎవరికైనా అనుమానం వస్తే డీఎన్ఏ పరీక్షతో తేలిపోతుంది.

ఈ పని ఇప్పుడే మొదలుపెట్టమని ఎందుకు అంటున్నానంటే, పద్నాలుగేళ్ల దాకా పాపను కాపాడే చట్టం ఆ తర్వాత చేయి వదిలేస్తుంది. పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసేవాళ్ల జాబితాలో) వివరాలు అడుగుతారు. స్కాలర్‌షిప్పుల దగ్గర ఇంకాస్త గట్టిగా అడుగుతారు. ఇంటర్ అయ్యాక ఎంట్రన్స్ పరీక్షల్లో ‘నేషనాలిటీ’ గడి మొదటి పేజీలోనే ఉంటుంది. అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు ఇప్పుడు ఈ గోడకే గుద్దుకుంటున్నాయి. వాళ్ల పిల్లలు ఓసీఐ కార్డులతో (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డులు) ఇక్కడి బడుల్లో చక్కగా చదువుతారు. నీట్, జేఈఈ దాకా వచ్చేసరికి 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ అడ్డొస్తుంది. ఆ తేదీ తర్వాత కార్డు తీసుకున్నవాళ్లకు పౌరులకు ప్రత్యేకించిన సీట్లు రావు, ఎన్‌ఆర్‌ఐ సీట్లకో అదనపు సీట్లకో పోటీ పడాలి. అంతకుముందే కార్డు ఉన్నవాళ్లకు పాత హక్కులు ఉంటాయని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లకు కనీసం ఇంకో దేశం పాస్‌పోర్టు, ఫీజు కట్టే స్తోమత ఉన్నాయి. మీ పాపకు ఆ రెండూ లేవు. పాపకు ఇంకో ఆరేడేళ్లు ఉంది. ఇప్పుడు మొదలుపెడితే ఆ గడి దగ్గరికి వచ్చేసరికి చేతిలో జవాబు ఉండే అవకాశం ఉంది.

పౌరసత్వం అర్జీ పెట్టకుండా ఊరుకుంటే ఏమవుతుందని కూడా మీరు ఆలోచించి ఉంటారు. ఏమీ కాకుండా కొన్నేళ్లు గడిచిపోవచ్చు. అర్జీ పెడితే పాప పరిస్థితి ప్రభుత్వం దృష్టికి వస్తుంది, విచారణకు మనుషులు వస్తారు, మీకు నిద్రపట్టని రాత్రులు ఉంటాయి. ఆ ఇబ్బంది నిజమైనదే. అందుకే లాయరు లేకుండా, ఔట్‌పాస్ వివరాలు చేతికి రాకుండా ఆ అర్జీ పెట్టవద్దంటాను. పాపకు పద్దెనిమిదేళ్లు నిండాక మైనరుకు ఉన్న దారులు మూసుకుపోతాయి కాబట్టి మరీ ఆలస్యం చేయడమూ మంచిది కాదు.

పాపతో ఎవరైనా మాట్లాడారా? మీ ఉత్తరంలో ఆ మాట కనిపించలేదు. బడి వదిలే వేళకు వీధిలోకి రావడం లేదంటే, తనలో ఏదో లోపం ఉందని ఆ పిల్ల నమ్మేసింది. పదేళ్ల పిల్లకు పౌరసత్వ చట్టం చెప్పనక్కర్లేదు. ‘నువ్వు కువైట్‌లో పుట్టావు, అమ్మ అప్పుడు నీ పేరు రాయించలేకపోయింది, ఇప్పుడు మనం రాయిస్తున్నాం, నువ్వు ఏ తప్పూ చేయలేదు’ అని చెప్తే చాలు. తండ్రి గురించి అడిగితే అబద్ధం చెప్పకండి, అమ్మ వచ్చాక అమ్మే చెబుతుందనండి. ఈలోగా ఆరో తరగతి పుస్తకాలు ఎవరి దగ్గరైనా తెచ్చి ఇంట్లో రోజూ కాసేపు కూర్చోబెట్టండి. మంచి చెడ్డలు కనుక్కునే పాత స్నేహితురాలు ఒకరుంటే ఇంటికి పిలవండి.

మీ చెల్లెలు ఈసారి ఫోన్ చేసినప్పుడు, ఎంబసీకి వెళ్లడానికి సెలవు ఎప్పుడు దొరుకుతుందో, పాత పాస్‌పోర్టు జిరాక్సు ఎక్కడైనా ఉందో అడగండి. హైస్కూలుకు మాత్రం ఆ కబురు కోసం ఆగకండి. డిక్లరేషన్ జత చేసి, అర్జీ రెండు కాపీలతో ఈ వారమే వెళ్లండి. ఏం జవాబు వచ్చినా నాకు రాయండి. నిరాకరిస్తే ఆ కాగితం ఫొటో కూడా పంపండి, తర్వాత ఎవరికి ఏమని రాయాలో చూద్దాం.